బల్బు మెత్తగా ఉందన్నాడు

గొట్టం మీద నుంచి కళ్లు తీయకూడదు. ఈ గంటసేపూ నా పని అంతే. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తీసుకెళ్లే నల్ల పైపును ఒకచోట కోసి, లోపలిది బయటికి కనపడే ప్లాస్టిక్ గొట్టం జానెడు ముక్క మధ్యలో అతికించాను. పెట్రోలు ఎంత పరుగెడుతున్నా ఆ ముక్క ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. గాలి బుడగ వస్తే మాత్రం కనపడి తీరుతుంది. పూర్తి వేగంలో గంట నడిపి చూస్తేగానీ ఏమీ చెప్పలేనని పొద్దున సూపర్‌వైజరు ముందు గొంతు పెద్దది చేసి అన్నది నేనే. గొంతుకేం, దానికి లోటెప్పుడూ లేదు నాకు. ఏడు నిమిషాలైంది. వెనక బల్ల మీద బావ, కుడిచేయి ఇంజను హ్యాండిల్ మీద, చూపు నీళ్ల మీద. ఆయన మోకాళ్ల దగ్గర, పడవ అడుగున గొంతుక్కూర్చుని నేను. మా ఇద్దరి మధ్యా ఎర్ర ట్యాంకు. బావ అంటే మా అక్క భర్త. ఇరవై ఆరేళ్లు ఈ రేవులో పడవ నడిపి, రెండు నెలల కిందట నేను రాసిచ్చిన ఒక్క కాగితంతో దిగిపోయి, ఇప్పుడు గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపుతున్న మనిషి. ఇవాళ మళ్లీ ఎక్కాడంటే, కొత్త డ్రైవరు ఈ పడవ ముట్టుకునేది లేదని మొండికేశాడు కాబట్టి ఎక్కాడు. రమ్మంటే వచ్చాడు. ఎందుకని కూడా అడగలేదు. ఇంజను హోరులో మాటలు సరిగ్గా వినపడవు, అదొక్కటే నా అదృష్టం.

ఆయన ఎడమచేయి మళ్లీ ట్యాంకు మీదికి వచ్చింది. చూడకూడదనుకుంటూనే చూశాను. మూత నడినెత్తిన చిన్న స్క్రూ ఉంటుంది, గాలి స్క్రూ అంటాం. అది తెరిచి ఉంటే పెట్రోలు తగ్గినకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్తుంది. మూసేసి నడిపితే కాసేపటికి ట్యాంకు బిగుసుకుపోయి చుక్క బయటికి వదలదు, ఇంజను ఆగిపోతుంది. బావ రెండు వేళ్లతో ఆ స్క్రూ పట్టుకుని, తెరిచే ఉందని తేల్చుకుని, చేయి తీసేశాడు. ఏడు నిమిషాల్లో ఇది ఐదోసారి. ఒకప్పుడు ఈ మనిషి ఒక చేత్తో పడవ తిప్పుతూ, రెండో చేత్తో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, అవతలి ఒడ్డున ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు ఎవరి మీద అలిగి వెనక్కి పోతున్నారో కథలు చెబుతూ నడిపేవాడు. నేను ఎక్కితే ఇక పండగే ఆయనకి. "ఏం బామ్మర్దీ, నీ ఇంజను పొద్దుటినుంచీ దగ్గుతోంది, మందేమన్నా పట్టావా, లేక దిష్టి తీసి పంపావా?" అనేవాడు. పడవంతా నవ్వేది. ఇప్పుడు ఐదోసారి. ఇదిగో, ఆరోసారి. చూడకు. గొట్టం చూడరా వెధవా, గొట్టం చూడు.

గొట్టంలో ఏమీ లేదు. బుడగ రాకపోతే బాగుణ్ణు. వస్తే బాగుణ్ణు. రెండూ ఒకే ఊపిరిలో అనుకున్నాను, ఏది నిజంగా కోరుకుంటున్నానో నాకే తెలియడం లేదు. రేవులో నన్ను చెవి మేస్త్రీ అంటారు. ఇంజను విప్పకుండా పక్కన నిలబడి విని జబ్బు చెప్పేస్తానని పేరు. ఆ పేరు మొదట పుట్టించింది నేనే అయ్యుంటాను, టీకొట్టు దగ్గర ఎవరి చెవిలోనో వేసి. ఈ ఇంజను రెండున్నర నెలల కిందట నా షెడ్డుకే వచ్చింది. కార్బరేటరు కడిగాను, ఫిల్టరు మార్చాను, పాత బల్బు చీలిందని కొత్త బల్బు వేశాను. ఇక్కడ బల్బంటే వెలిగేది కాదు, పైపు మధ్యలో ఉండే రబ్బరు బుంగ. బయల్దేరే ముందు నాలుగుసార్లు నొక్కితే పెట్రోలు ఎక్కి రాయిలా గట్టిపడుతుంది. తర్వాత ఇంజను కాళ్లు నీళ్ల డ్రమ్ములో ముంచి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, కళ్లు మూసుకుని విన్నాను. పాట పాడుతున్నట్టుంది. తీసుకెళ్లండి అన్నాను. పది నిమిషాలు, అదీ మెల్లగా. పన్నెండుమంది బరువుతో పూర్తి వేగంలో నది దాటాల్సిన ఇంజనుకి చెవి మేస్త్రీగారు పెట్టిన పరీక్ష అదీ.

రెండుసార్లు నడినీళ్లలో ఆగితే బావ బల్బు నొక్కి మళ్లీ నడిపించుకొచ్చేశాడు. నాతో చెప్పాడు కూడా. చూద్దాంలే అన్నాను. మూడోసారి వంతెన స్తంభానికి ఎదురుగా ఆగింది. ప్రవాహం పడవను అడ్డంగా తీసుకుపోయి స్తంభానికేసి కొట్టింది. ప్రాణాలకేమీ కాలేదు, ఒక టీచరమ్మ ముంజేయి గీరుకుపోయింది, ఒకాయన సైకిలు నీళ్లపాలైంది. కానీ అరుపులు రేవుదాకా వినపడ్డాయి. నేనూ సూపర్‌వైజరూ వేరే పడవలో వెళ్లాం. దారిలో ఆయన మెల్లగా అన్నాడు, "ఇంజను నీ షెడ్డు నుంచి వచ్చి పట్టుమని పదిహేను రోజులు కాలేదు కదయ్యా?" పడవ ఎక్కాను, ట్యాంకు చూశాను. గాలి స్క్రూ మూసి ఉంది. అమ్మయ్య అనుకున్నాను. నిజం చెబుతున్నాను, నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట అదే. ఆడవాళ్లు ఏడుస్తున్నారు, బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు, నాకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఇదిగో సార్, స్క్రూ మూసే నడిపాడు," అన్నాను. బావ నా వైపు తిరిగి, "తెరిచానురా... తెరిచాననే..." అని ఆగి, తడుముకుని, "బల్బు నొక్కుకుపోలేదురా, మెత్తగా ఉంది, చూడు," అన్నాడు.

మెత్తగా ఉంది, చూడు. అంతకంటే ఏం చెప్పాలి ఒక మనిషి? స్క్రూ మూసి నడిపితే ట్యాంకు వెనక్కి లాగి బల్బు రెండు చెంపలూ అతుక్కుపోయి చదునైపోతుంది. గుండ్రంగానే ఉండి మెత్తబడిందంటే తప్పు మూతది కాదు, దారిలో ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. ఈ తేడా ఎప్పుడో పదేళ్ల కిందట ఆయనకు చెప్పింది నేనే. నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పాడు పాపం, ఆ కంగారులో కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ఒక్క అడుగు వేసి వంగి దాన్ని ముట్టుకుని ఉంటే అక్కడికక్కడ తేలిపోయేది. వంగలేదు. పదిమందీ వింటుండగా, "మెత్తనో గట్టినో నాకు చెప్పొద్దు బావా, ముందు మూత తెరవడం నేర్చుకో," అన్నాను. తడిబట్టలతో వణుకుతున్నవాళ్లు కూడా నవ్వారు. నేను ఒకటంటే ఆయన రెండనడం మా ఇద్దరి వరస, పెళ్లైన రోజు నుంచీ అంతే. ఆ రోజు మాత్రం ఆయన ట్యాంకు మూత వైపే చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం కాగితం రాసిచ్చాను. ‘ఇంజనులో ఎట్టి లోపమూ లేదు. నడుపు వ్యక్తి గాలి స్క్రూ తెరుచుట మరచిపోవుటచే ఆగినది.’ జన్మలో అంత మర్యాదైన భాష నేనెప్పుడూ రాయలేదు.

పద్నాలుగు నిమిషాలు. గొట్టం శుభ్రంగా ఉంది. మెడ పట్టేస్తోంది. కాస్త తల పైకెత్తితే బావ చొక్కా జేబులోంచి చిన్న నోటుపుస్తకం అంచు కనపడుతోంది, పక్కన కురచ పెన్సిలు. అక్క కొనిచ్చింది దాన్ని. గడప దాటే ముందు చేసినవన్నీ అందులో రాసుకోవాలి: కుళాయి కట్టాను, స్టౌ ఆపాను, తాళం వేశాను. ఒకసారి ఆయన స్నానానికి వెళ్లినప్పుడు తిప్పి చూశాను. ఒక పేజీలో ‘తాళం వేశాను’ అని ఉంది, దాని కింద మళ్లీ ‘తాళం వేశాను’, దాని కింద ‘వెనక్కి వెళ్లి చూశాను, వేసే ఉంది’. పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేసి బయటికొచ్చాను. కాగితం రాసిన వారానికే అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "మీ బావకి మతిమరుపు మొదలైందిరా. ఇరవై ఆరేళ్లు రోజూ చేసిన పని మర్చిపోయారంటే మాటలా? ఇక రేపు నన్ను మర్చిపోతారు. స్టౌ దగ్గరికి పంపాలంటే భయంగా ఉంది," అని ఏడ్చింది. అప్పటికి నా తప్పేమిటో నాకు తెలియదు. నిజంగానే తెలియదు. కానీ బల్బు ముట్టుకోలేదని తెలుసుగా? చూడకుండా రాశానని తెలుసుగా? అక్కా, తొందరపడ్డానే, ఆ కాగితాన్ని పట్టుకుని మనిషిని అనుమానించకే అని ఒక్క మాట అంటే నా నోటి ముత్యాలు రాలిపోతాయా? అనలేదు. పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, "డాక్టరుకి చూపిద్దాంలే అక్కా, నేనున్నాగా," అన్నాను.

నేనున్నాగా. స్కూటరు మీద వెనకాల కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్లాను. డాక్టరు గది చిన్నది, గోడకు ఆగిపోయిన గడియారం. డాక్టరమ్మ మంచిదే, కసురుకోలేదు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంది. బావ టికెట్లూ చిల్లరా నోటిలెక్కలో తేల్చే మనిషి, ఆయనకది ఒక లెక్కా? కళ్లు మూసుకుని, "తొంభై మూడు... ఎనభై ఆరు... డెబ్భై తొమ్మిది..." అన్నాడు. అని, కళ్లు తెరిచి, నా వైపు చూశాడు. ఆమె వైపు కాదు, నా వైపు. "సరిగ్గానే చెప్పానారా?" అన్నాడు. సరిగ్గానే బావా అని తలూపాను. ఆ తర్వాత ప్రతి అంకెకీ ఆగి నన్ను చూడటం మొదలెట్టాడు. నుదురంతా చెమట. యాభై దాటకుండానే ఆమె చాలన్నట్టు చేయెత్తి ఏదో రాసుకుంది, రాత్రిపూట వేసుకోమని మాత్ర ఇచ్చింది. ఆ మాత్ర వేసుకుంటే పొద్దెక్కేదాకా మత్తు వదలదట. ఆ మత్తులో ఏది చేశాడో ఏది చేయలేదో నిజంగానే తేలేది కాదట. చూశావా, పెరిగిపోతోంది అనేది అక్క. తిరిగి వస్తుంటే స్కూటరు వెనక నుంచి నా భుజం మీద చేయి వేసి, "నువ్వుండబట్టి సరిపోయిందిరా," అన్నాడు బావ. ఆ చేయి అక్కడే ఉన్నట్టుంది ఇంకా.

కొత్త డ్రైవరు గట్టివాడు, తెలివైనవాడు. బావకి ఏమైందో చూశాడు కాబట్టి మొదటిరోజు నుంచీ బయల్దేరే ముందు ట్యాంకు మూత దగ్గర ఫోను పెట్టి, స్క్రూ తెరిచి ఉన్నట్టు ఫోటో తీసుకునేవాడు. రోజుకి ఎన్ని ట్రిప్పులో అన్ని ఫోటోలు. రేవులో అందరం నవ్వుకున్నాం, మూతకి పెళ్లిచూపులా అని నేనే అన్నాను. బడులకి సెలవులు, పడవ సగం ఖాళీ, మెల్లగా నడిచినన్నాళ్లు ఏ గొడవా లేదు, నా కాగితానికి ఇంకా విలువ పెరిగింది. ఈ వారం బడులు తెరిచారు. పడవ నిండింది, వేగం పెరిగింది, నాలుగు రోజుల్లో నాలుగుసార్లు ఆగింది. అతను తిన్నగా ఆఫీసుకి వెళ్లి, సూపర్‌వైజరు బల్ల మీద ఫోను పెట్టి, ఒక్కో ఫోటో వేలితో జరుపుతూ చూపించాడు. నన్ను పిలిచారు. నాలుగు ఫోటోలు, నాలుగు తెరిచిన మూతలు. సూపర్‌వైజరు ఫోను నా వైపు తోశాడంతే. బావ అప్పుడు కిటికీ అవతల గేటు దగ్గరే ఉన్నాడు. ఆయనకి ఈ ఫోటోల సంగతి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాలి కదా, పొద్దుటి నుంచీ నేను చెప్పాలి.

ఇరవై రెండు నిమిషాలు. ఎండ తిన్నగా ఇంజను మీద పడుతోంది, పైపు ముట్టుకుంటే వెచ్చగా, వడలిపోయినట్టు ఉంది. ఇసుక రేణువంత బుడగ ఒకటి గొట్టంలో కనపడి, కాసేపు పై గోడకి అతుక్కుని, జారిపోయింది. కళ్లు చికిలించాను. ఇంకోటి. తర్వాత రెండు. తర్వాత వరసగా, తెంపు లేకుండా, ఒకదాని వెనక ఒకటి. ఇంజను గొంతులో చిన్న గరగర, మామూలు చెవికి ఇంకా అందనంత చిన్నది. బల్బు పట్టుకుని చూశాను. మెత్తగా ఉంది. గుండ్రంగానే ఉంది, మెత్తగా ఉంది. అచ్చం ఆయన చెప్పినట్టే. పక్కన గ్రీజు డబ్బా ఉంది. ఇలాంటి రంధ్రం బయటికి కారదు, వాసన కూడా రాదు. ఇంజను లాగుతుంటుంది కాబట్టి గాలిని లోపలికి తాగుతుందంతే. అందుకని ఒక్కో అతుకు మీదా దట్టంగా గ్రీజు పూసి చూడాలి, ఎక్కడ పూస్తే బుడగలు ఆగుతాయో అదే చిల్లు. పైపు ట్యాంకుకి తగిలించే బిరడా మీద పూశాను. బుడగలు ఆగలేదు. బల్బుకి ఇంజను వైపు అతుకు మీద పూశాను. ఆగలేదు. మిగిలింది ఒక్కటే, బల్బుకి ట్యాంకు వైపు, నేను స్వయంగా క్లిప్పు బిగించిన చోటు. అన్నిటికంటే ముందు చూడాల్సింది అదేనని చేతికి తెలుసు, అయినా అది చివరికి మిగిలింది. పూశాను. ఐదారు క్షణాలకి గొట్టం తేరుకుంది. గుడ్డతో తుడిచేశాను. బుడగలు మళ్లీ వచ్చాయి. మళ్లీ పూశాను, ఆగాయి. మూడోసారి కూడా తుడిచి చూశాను, సిగ్గులేక.

క్లిప్పు బిగించేటప్పుడు ఇక చాలని స్క్రూడ్రైవరు చెబుతుంది. చేతికి తెలుస్తుంది ఆ చాలు. నేను అక్కడ ఆగను, ఇంకో అరచుట్టు తిప్పుతాను. నాకు పని నేర్పిన ముసలి మేస్త్రీ చాలాసార్లు నా చేయి పట్టుకుని ఆపేవాడు, "రబ్బరురా అది, నీ శత్రువు కాదు," అనేవాడు. ఆయన పోయాక ఆ అరచుట్టే నా గొప్ప అయింది. నా క్లిప్పు ఊడదు, నేను బిగిస్తే బిగించినట్టే, ఇవీ నేను చెప్పుకునే మాటలు. ఆ అరచుట్టుకి పైపు లోపలి పొర బల్బు మొన మీద నలిగి చీలి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు పైపొర దాన్ని మూసిపెడుతుంది. పూర్తి వేగంలో, ఎండలో, పైపు మెత్తబడ్డాక ఆ చీలిక నోరు తెరుస్తుంది. షెడ్డులో పది నిమిషాల డ్రమ్ము పరీక్షకి అది జన్మలో దొరకదు. బయటి నుంచి చూస్తే క్లిప్పు బంగారంలా మెరుస్తోంది. వంతెన కింద ఆ అరుపులు, ఆ టీచరమ్మ చేయి, ఆ నోటుపుస్తకం, ఆ మాత్ర, ఇదంతా నేను ఒళ్లు పొంగి తిప్పిన అరచుట్టు.

చాకు నా జేబులోనే ఉంది. పైపు చివర అంగుళం ముక్క కోసేసి, కొత్త అంచు తొడిగి, ఈసారి చాలన్నచోట ఆపితే సరి, రెండు నిమిషాల పని. కోసిన ముక్క నీళ్లలో పడేస్తే మునిగిపోతుంది. పైపు పాతబడి పగిలింది సార్, మార్చాను అంటాను. పైపులు పాతబడవా? సూపర్‌వైజరు నమ్ముతాడు, నమ్మడం ఆయనకీ సుఖమే. నా షెడ్డు నాకుంటుంది, నా పేరు నాకుంటుంది. బావని మళ్లీ పడవ ఎక్కించమని నేనే సిఫారసు చేస్తాను, పెద్ద మనసు చేసుకుని. అప్పుడప్పుడు మర్చిపోయినా మంచి డ్రైవరే సార్ అంటాను. ఛీ. ఇవన్నీ నేను అనుకుంటున్నాను, ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని అనుకుంటున్నాను, చాకు పిడి వేళ్లకి తగులుతూనే ఉంది. ఆయనకి తెలిసే అవకాశమే లేదు. ఆయన తనని తాను అనుమానించుకోవడంలో మునిగి ఉన్నాడు. ఇంజను గరగర ఆయన చెవికి అందింది కాబోలు, చేయి మళ్లీ మూత మీదికి పోయింది, వెంటనే ఇంకోసారి పోయింది. హోరుకు మించి అరుస్తూ నా మీదికి వంగాడు. "ఒరేయ్, స్క్రూ తెరిచే ఉంది కదా? నా చేతిని నమ్మలేకపోతున్నా. నువ్వోసారి చూసి చెప్పు!"

ఆపమని చేత్తో సైగ చేశాను. వంతెనకి బాగా దూరంగా, ప్రవాహం లేని మడుగులో ఉన్నాం. బావ వేగం తగ్గించి ఇంజను ఆపాడు. ఆపుతూ, చూపు అవతలి ఒడ్డు మీద ఉండగానే, ఎడమచేయి దానంతటదే వచ్చి మూత మీది స్క్రూని గిర్రున తిప్పి మూసేసింది. ఆయన దాని వైపు చూడలేదు. ఆ చేయి వచ్చినట్టు కూడా ఆయనకి తెలియదు. నేను ఆ చేయినే చూస్తూ ఉండిపోయాను. జనం పడవలో సిగరెట్లు కాలుస్తారు, ఇంజను ఆగితే ముందు స్క్రూ మూయండి, పెట్రోలు ఆవిరి బయటికి రాకూడదు అని ఈయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక నియమం ఉండేది. ఇప్పటి డ్రైవర్లెవరికీ తెలియదు. ఇరవై ఆరేళ్లు ప్రతి ట్రిప్పుకీ మూస్తూ మూస్తూ ఆ పని తలలోంచి చేతిలోకి దిగిపోయింది. ఆ రోజు వంతెన కింద కూడా ఇంజను ఆగగానే ఆ చేయి ఇలాగే మూసి ఉంటుంది, ప్రాణభయంలో కూడా. నేను వెళ్లేసరికి మూసి ఉంది. మరి ఆయనేం చెప్పగలడు? మూశానని గుర్తుంటే కదా! జాగ్రత్తపరుడు కాబట్టి మూశాడు, ఆ జాగ్రత్తనే పట్టుకుని నేను మతిమరుపు అని రాశాను.

బావ అప్పుడు ట్యాంకు వైపు చూశాడు. మూసి ఉన్న స్క్రూ చూసి మొహం తెల్లబోయింది. "చూశావా," అన్నాడు చిన్న గొంతుతో, "మూసే ఉంది. ఇందాకే చూశాను, తెరిచే ఉంది. చూశానో, చూశాననుకున్నానో... ఇక నా వల్ల కాదురా. నన్ను గేటు దగ్గరే ఉండనీ."

"బావా, ఇప్పుడే నువ్వు మూశావు. ఇంజను ఆగాక. నేను కళ్లారా చూశాను," అన్నాను. తర్వాత చెప్పాల్సింది చెప్పాను. వరసగా రాలేదు మాటలు, ముందు ఫోటోలన్నాను, తర్వాత క్లిప్పన్నాను, మధ్యలో అరచుట్టన్నాను, బల్బు మెత్తగా ఉందని నువ్వు చెప్పింది నిజం, నేను ముట్టుకోలేదు, చూడకుండా రాశాను అన్నాను. గ్రీజు చేతులతో పైపు ఆయన ఒళ్లో పెట్టి, క్లిప్పు విప్పి, లోపలి చీలిక గోటితో విడదీసి చూపించాను. ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, ఒక్కటి లాగి కొడితే ఇంకా బాగుండేది. చీలిక వైపు చాలాసేపు చూసి, "ఆ రోజు తెరిచే నడిపానంటావా?" అన్నాడు.

"తెరిచే నడిపావు బావా."

"మొదటి రెండుసార్లు కూడా?"

"మూడుసార్లూ."

సాయంత్రంలోగా సూపర్‌వైజరుకి ఇదంతా రాసిస్తానన్నాను, అందరి ముందూ చదివి ఇస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాగితం తర్వాత. ముందు మీ అక్కకి చెప్పు. నేను చెబితే నమ్మదు." చేతులు గ్రీజుమయం, ఫోను బల్ల మీద పెట్టి, మోచేత్తో, ముక్కుతో నానాతంటాలూ పడి, స్పీకర్లో కలిపాను. ఒక్క మోతకే ఎత్తింది అక్క. "ఏరా, మీ బావ బానే ఉన్నారా? ఏమన్నా మర్చిపోయారా? మర్చిపోతే పదిమందిలో అనకురా, నెమ్మదిగా గుర్తుచెయ్యి, మనసు చిన్నబుచ్చుకుంటారు," అంది. బావ వింటున్నాడు. నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు, కానీ వింటున్నాడు.

"అక్కా, బావ ఏదీ మర్చిపోలేదు. మర్చిపోయాడని నేను అబద్ధం రాశాను. ఇంజను ఆగింది నా చేతిపని వల్ల," అన్నాను. అటు నుంచి ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడు. "రెండు నెలలురా," అంది చివరికి. "రెండు నెలల నుంచీ ఆ మనిషి వెనకాలే తిరుగుతున్నాను, పసిపిల్లాడి వెనక తిరిగినట్టు." "ఫోను ఆయనకియ్యి," అంది.

బావ ఫోను తీసుకుని స్పీకరు ఆపి చెవికి పెట్టుకున్నాడు. నేను ఇంజను వైపు తిరిగి, చేతులు తుడుచుకుంటున్నట్టు గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. "ఆఁ... ఆఁ... ఏడవకు," అంటున్నాడు. "నిజమేనట. మూడుసార్లూ తెరిచానట... లేదే, నాకేం గుర్తు రావడం లేదు. కానీ వాడు చెప్పాడంటే అంతే అయ్యుంటుందిలే."